వ్యాఖ్యకు సొంత ఇల్లు

కావ్యానికి కవి ఎంత అవసరమో, దాన్ని చదివి స్పందించే సహృదయుడూ అంతే అవసరమని భారతీయ ఆలంకారికులు భావించారు. మూలగ్రంథం పక్కన వ్యాఖ్య వెలయడం మన సంప్రదాయంలో అనాదిగా ఉన్నదే. నేటి మెదక్ జిల్లాలోని కొల్చారం ప్రాంతానికి చెందినవాడుగా ప్రసిద్ధి పొందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు ‘సంజీవని’ అని పేరు. చెడు వ్యాఖ్యల వల్ల కావ్యానికి కమ్ముకొన్న అపార్థాలను తొలగించి, దానికి తిరిగి ప్రాణం పోయడమే తన ఉద్దేశమని ఆ పేరుతోనే ఆయన సూచించాడు. మంచి వ్యాఖ్య మూలానికి ఆయువు పోస్తుంది. చెడు వ్యాఖ్య మూలాన్ని మరుగుపరుస్తుంది. ఈ సత్యం తాళపత్రాల కాలంలో ఎంత నిజమో, అంతర్జాల యుగంలోనూ అంతే నిజం.

నేడు ఒక రచన వెబ్‌సైటులో వెలువడిన కొన్ని నిమిషాలకే పాఠకులు తమ అభిప్రాయాలను దాని కింద రాస్తున్నారు. ఆ అభిప్రాయాన్ని తెలుగులో ‘వ్యాఖ్య’ అనే పిలుస్తున్నాం. వ్యాఖ్యలను స్వీకరించి, భద్రపరచి, తిరిగి ప్రదర్శించే సాఫ్ట్‌వేరును వ్యాఖ్యావ్యవస్థ అనవచ్చు. అటువంటి వ్యవస్థను ఇతరుల సేవపై ఆధారపడకుండా, సొంత లినక్స్ కంప్యూటరులో స్థాపించుకొనే పద్ధతిని, అందులోని సాధకబాధకాలను వివరించడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

పరుల పంచన

ఒక జూనియర్ కళాశాల విద్యార్థులు తమ గోడపత్రికను అంతర్జాలంలో ప్రచురిస్తున్నారని అనుకొందాం. కథలు, కవితలు, పుస్తక సమీక్షలు అందులో ఉంటాయి. పాఠకుల అభిప్రాయాలను స్వీకరించడానికి వారికి రెండు మార్గాలున్నాయి. మొదటిది ఏదైనా వాణిజ్య సంస్థ నడిపే వ్యాఖ్యాసేవను తెచ్చి తమ పుటలో అతికించుకోవడం. ఇది సులభం, పది నిమిషాల్లో పూర్తవుతుంది. అయితే అక్కడ రాసిన ప్రతి మాటా ఆ సంస్థవారి యంత్రంలో చేరుతుంది. పాఠకుడు ఏయే పుటలు చూశాడో కూడా ఆ సంస్థ గమనించే వీలుంటుంది. ఈ రంగంలో పేరు పొందిన డిస్కస్ సేవ 2007లో ఆరంభమై, 2017 డిసెంబరులో జీటా గ్లోబల్ అనే మార్కెటింగ్ సంస్థ చేతికి వెళ్ళింది. నార్వే దేశపు పాఠకుల కదలికలను చట్టబద్ధమైన ఆధారం లేకుండా గమనించి, ఆ సమాచారాన్ని ప్రకటనకర్తలకు అందించిందన్న అభియోగంపై రెండున్నర కోట్ల క్రోనుల జరిమానా విధించదలచినట్లు ఆ దేశపు సమాచార రక్షణ సంస్థ 2021 మే నెలలో డిస్కస్‌కు నోటీసు ఇచ్చింది. ఉచితంగా లభించిన సేవకు మూల్యం మరో రూపంలో ఎలా చెల్లించవలసి వస్తుందో తెలుసుకోవడానికి ఈ ఉదంతం చాలు.

రెండవ ప్రమాదం అంతకంటే మౌనమైనది. పరుల చావడి ఎప్పుడు మూతపడుతుందో అందులో కూర్చున్నవారికి తెలియదు. లక్షలాది వ్యక్తిగత పుటలకు నెలవైన జియోసిటీస్‌ను యాహూ సంస్థ 2009 అక్టోబరులో మూసివేసింది. భారతదేశంలో విశేష ఆదరణ పొందిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ముగిసింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో కనుమరుగైంది. ఆయా చోట్ల జరిగిన చర్చలలో ఎన్నో వాటితోపాటే అంతరించాయి. అద్దె ఇంటి గోడమీద రాసిన పద్యం ఇల్లు మారినప్పుడు వెంట రాదు.

అందువల్ల కొందరు రెండవ మార్గాన్ని ఎన్నుకొంటారు. వ్యాఖ్యావ్యవస్థను తామే స్థాపించి, తామే నిర్వహించుకొంటారు. ఇందులో శ్రమ ఉంది, బాధ్యత ఉంది. పాఠకుల మాట మాత్రం సొంత ఇంట్లో ఉంటుంది.

లినక్స్ అనే నేల

ఇల్లు కట్టడానికి నేల ఎటువంటిదో వ్యాఖ్యావ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమ్ అటువంటిది. సాఫ్ట్‌వేరును వాడుకొనే, పరిశీలించే, మార్చే, పంచుకొనే స్వేచ్ఛ అందరికీ ఉండాలని ఆశించి రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌ను విడుదల చేశాడు. ఈ రెండింటి కలయికతో రూపొందిన వ్యవస్థలలో డెబియన్, ఉబుంటు ముఖ్యమైనవి. వీటికి లైసెన్సు రుసుము లేదు. పెద్ద యంత్రం కూడా అక్కరలేదు. నెలవారీ అద్దెకు లభించే చిన్న సర్వరు ఒకటి చాలు.

ఆ నేలపై నెలకొల్పదగిన వ్యాఖ్యావ్యవస్థలు పలు ఉన్నాయి. వాటిలో ఇస్సో అనేది చిన్నది, సులభగ్రాహ్యమైనది. మార్టిన్ జిమ్మర్‌మన్ దీన్ని పైథాన్ భాషలో రచించాడు. ‘లేకపోతే అరుస్తాను’ అనే అర్థం గల జర్మన్ మాటల నుండి ఈ పేరు పుట్టింది. నోరు విప్పే అవకాశం కోరే పాఠకుని ఆరాటం ఆ పేరులో చమత్కారంగా ధ్వనిస్తుంది. ఇస్సో తన వ్యాఖ్యలన్నింటినీ ఎస్‌క్యూలైట్ అనే డేటాబేసులో, ఒకే ఒక ఫైలుగా భద్రపరుస్తుంది. పాఠకుడు ఖాతా తెరవనక్కరలేదు. పేరు, ఈమెయిలు ఇవ్వడం అతని ఇష్టం. రాసిన తరువాత పదిహేను నిమిషాల వరకు తన వ్యాఖ్యను తానే సవరించుకోవచ్చు, తొలగించుకోవచ్చు. కంప్యూటరు చిరునామాను ఇస్సో పూర్తిగా దాచుకోదు; చివరి భాగాన్ని చెరిపివేసి మిగిలినదాన్నే నమోదు చేస్తుంది.

స్థాపన క్రమం

ఇందులోని ఆదేశాలన్నింటినీ టెర్మినల్ అనే నల్లని తెరమీద రోమన్ లిపిలో, చిన్న అక్షరాలతో టైపు చేయాలి. ఒక్క చుక్క తప్పినా యంత్రం అంగీకరించదు. ఛందస్సులో ఒక్క మాత్ర తప్పితే పద్యం కుంటుపడినట్లే ఇక్కడ కూడా.

మొదటి మెట్టు నేలను శుభ్రం చేయడం. డెబియన్, ఉబుంటులలో సాఫ్ట్‌వేరు పొట్లాలను తెచ్చి అమర్చే సాధనం పేరు ఏపీటీ. దాని సహాయంతో ముందుగా వ్యవస్థను తాజాపరచాలి. అనంతరం పైథాన్, దాని అభివృద్ధి ఫైళ్ళు, ఎస్‌క్యూలైట్, సి భాషా కంపైలరు మొదలైన వాటిని అమర్చుకోవాలి.

రెండవ మెట్టు ఇస్సో కోసం ప్రత్యేకంగా ఒక వినియోగదారుని సృష్టించడం. లినక్స్‌లో ‘రూట్’ అనే వినియోగదారుడు సర్వాధికారి. ఏ సేవనూ అతని పేరుతో నడపరాదు. ఇస్సోలో ఏదైనా లోపం ఉండి దుండగుడు ప్రవేశించినా, అతనికి ఇస్సోకు చెందిన గది మాత్రమే చిక్కాలి గాని ఇల్లంతా చిక్కకూడదు. వంటవానికి వంటగది తాళం ఇస్తారు, ధనాగారం తాళం ఇవ్వరు కదా!

మూడవ మెట్టు ఏకాంత మందిరాన్ని నిర్మించడం. లినక్స్ తన సొంత పనులకు కూడా పైథాన్‌ను వాడుకొంటుంది. ఇస్సోకు కావలసిన ఉపకరణాలను దానితో కలిపివేస్తే రెండూ దెబ్బతినవచ్చు. అందువల్ల ‘ఆప్ట్’ అనే డైరెక్టరీలో ఇస్సో పేరిట ‘వర్చువల్ ఎన్విరాన్‌మెంట్’ అనే ప్రత్యేక ఆవరణాన్ని సృష్టించి, అందులోకి ‘పిప్’ అనే సాధనంతో ఇస్సోను రప్పించాలి. 2023లో వెలువడిన డెబియన్ 12 నుండి ఈ ఆవరణం లేనిదే వ్యవస్థలోని పైథాన్‌పై పిప్ నేరుగా పని చేయడానికి నిరాకరిస్తుంది. ఆ నిరాకరణను చూసి విసుగుచెంది బలవంతపు ఆదేశాన్ని ప్రయోగించేవారు ఉన్నారు. అది రక్షణకై పెట్టిన గడియ. దాన్ని విరగ్గొట్టడం వివేకం కాదు.

నాల్గవ మెట్టు అమరికల ఫైలు రాయడం. ఇందులో నాలుగు విషయాలు ప్రధానం. డేటాబేసు ఎక్కడ ఉండాలి అనేది మొదటిది. ఆ ఫైలు ఉన్న డైరెక్టరీ మొత్తం ఇస్సో వినియోగదారుని స్వాధీనంలో ఉండాలి. రాసే సమయంలో ఎస్‌క్యూలైట్ అదే చోట తాత్కాలికంగా మరొక ఫైలును సృష్టించుకొంటుంది కనుక, ఫైలుకు మాత్రమే అనుమతి ఇస్తే చాలదు. ఏ వెబ్‌సైటు నుండి వ్యాఖ్యలను స్వీకరించాలి అనేది రెండవది. ఈ చిరునామాను ఉన్నది ఉన్నట్లు రాయాలి. ‘హెచ్‌టీటీపీఎస్’ అని ఉండవలసిన చోట చివరి అక్షరం లోపించినా, ‘డబ్ల్యు డబ్ల్యు డబ్ల్యు’ ఉన్న రూపానికి బదులు లేని రూపాన్ని రాసినా బ్రౌజరు వ్యాఖ్యలను అడ్డుకొంటుంది. కొత్తవారు గంటల తరబడి తడబడేది ఎక్కువగా ఇక్కడే. ఇస్సో ఏ ద్వారం వద్ద వినాలి అనేది మూడవది. అది యంత్రం లోపలి చిరునామా వద్ద, 8080 సంఖ్య గల ద్వారం వద్ద వినేటట్లు చేయాలి. అప్పుడు బయటివారు నేరుగా దాన్ని చేరలేరు. వ్యాఖ్యలను పరిశీలించి అనుమతించే అధికారం నాల్గవది. దాన్ని గురించి ముందు వివరంగా తెలుసుకొందాం.

ఐదవ మెట్టు ఇస్సోను నిత్యసేవకునిగా నియమించడం. ఆదేశమిచ్చి నడిపిన సాఫ్ట్‌వేరు విద్యుత్తు పోయి యంత్రం మళ్ళీ లేచినప్పుడు తనంతట తాను లేవదు. లినక్స్‌లో సేవలను మేల్కొలిపే బాధ్యత ‘సిస్టమ్‌డి’ అనే వ్యవస్థది. ఇస్సో పేరు, అది ఎవరి పేరుతో నడవాలి, ఆగితే ఏమి చేయాలి అనే వివరాలతో ఒక చిన్న ఫైలు రాసి దానికి అప్పగిస్తే, యంత్రం ప్రారంభమైన ప్రతిసారీ ఇస్సో కూడా ప్రారంభమవుతుంది.

వాకిలి, ద్వారపాలకుడు

అంతఃపురంలోని ఇస్సోకు, బయటి పాఠకునికి నడుమ ఒక ద్వారపాలకుడు కావాలి. రష్యా దేశస్థుడైన ఇగోర్ సిసోయెవ్ 2004లో ప్రజలకు అందించిన ఎంజినెక్స్ ఆ పనికి పేరెన్నికగన్నది. పాఠకుని అభ్యర్థనను అది వాకిట స్వీకరించి లోపలికి చేరవేస్తుంది. సమాధానాన్ని తెచ్చి పాఠకునికి అందిస్తుంది. అలా చేరవేసేటప్పుడు పాఠకుని అసలు చిరునామాను కూడా తెలిపేటట్లు ఎంజినెక్స్‌ను అమర్చడం మరువరాదు. మరచితే వచ్చిన ప్రతివారూ ద్వారపాలకుని చిరునామాతోనే ఇస్సోకు కనబడతారు. నిమిషానికి ఒకరు ఇన్ని వ్యాఖ్యలే రాయాలన్న నియమం అందరికీ కలిపి వర్తించి, నిర్దోషులైన పాఠకులు కూడా వెనుదిరగవలసి వస్తుంది.

పాఠకునికి, సర్వరుకు మధ్య మాటలు రహస్యంగా సాగడానికి ధ్రువపత్రం అవసరం. 2015 చివరలో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తున్నది. దాని గడువు కొద్ది నెలల్లోనే తీరుతుంది. ‘సర్ట్‌బాట్’ అనే సాధనాన్ని అమర్చితే గడువుకు ముందే అది పత్రాన్ని తనంతట తాను పునరుద్ధరిస్తుంది. వెబ్ సేవకు అవసరమైన 80, 443 సంఖ్యల ద్వారాలను, నిర్వాహకుడు ప్రవేశించే ద్వారాన్ని మాత్రం తెరిచి ఉంచి, తక్కినవాటిని ఫైర్‌వాల్‌తో మూసివేయాలి.

చివరగా పత్రిక పుటలో రెండు చిన్న పంక్తులు చేర్చాలి. మొదటిది ఇస్సో జావాస్క్రిప్ట్‌ను రప్పిస్తుంది. రెండవది వ్యాఖ్యలు కనబడవలసిన స్థలాన్ని సూచిస్తుంది. ఇస్సో ప్రతి రచననూ దాని చిరునామాతోనే గుర్తిస్తుంది. ప్రచురించిన రచన చిరునామాను తరువాత మార్చితే, పాత వ్యాఖ్యలు తల్లినుండి తప్పిపోయిన పిల్లలవలె డేటాబేసులో మిగిలిపోతాయి.

ప్రక్షిప్తాల బెడద

ప్రాచీన కావ్యాలలో లేఖకులు, పండితులు తమ పద్యాలను చొప్పించిన సందర్భాలున్నాయి. వాటిని ప్రక్షిప్తాలంటారు. అంతర్జాలంలోని వ్యాఖ్యలకు కూడా ఇటువంటి బెడద ఉంది. వస్తువులు అమ్మేవారు, మోసగాళ్ళు, మనిషి ప్రమేయం లేకుండా నడిచే యంత్రలేఖకులు ఎడతెగకుండా వచ్చి రాసిపోతుంటారు. దీన్నే స్పామ్ అంటారు. ఇస్సోలో దీనికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. మొదటిది పరిమితి. ఒకే చిరునామా నుండి నిమిషానికి రెండు వ్యాఖ్యలకు మించి స్వీకరించదు. ఆ సంఖ్యను నిర్వాహకుడు మార్చుకోవచ్చు. రెండవది పరిశీలన. ఈ సౌకర్యాన్ని అమరికల ఫైలులో ప్రారంభిస్తే, నిర్వాహకుడు అనుమతించేవరకు ఏ వ్యాఖ్యా వెలుగు చూడదు. వ్యాఖ్య వచ్చినట్లు ఈమెయిలు అందుతుంది. అందులోని లంకెద్వారా అనుమతించవచ్చు, తొలగించవచ్చు. ముప్పై రోజులలోగా పట్టించుకోని వ్యాఖ్యలను ఇస్సో తానే తొలగిస్తుంది. కనుక వేసవి సెలవుల్లో నిర్వాహకుడు ఏమరితే, ఒక పాఠకుడు శ్రమించి రాసిన విమర్శ ఎవరి కంటా పడకుండానే నశించిపోవచ్చు. ప్రక్షిప్తాన్ని తొలగించడం పరిష్కర్త ధర్మం. నచ్చని విమర్శను ప్రక్షిప్తమని తొలగించడం అధర్మం.

తెలుగు అక్షరం

వ్యాఖ్య తెలుగులో రాస్తే యంత్రం దాచగలదా అన్న సందేహం కొందరికి కలుగుతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి సంచికలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. ఎస్‌క్యూలైట్ అక్షరాలను సాధారణంగా యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తుంది. ఆ పద్ధతిలో రోమన్ అక్షరానికి ఒక బైటు, తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు అచ్చు గుర్తులు కలిపి ఆరు సంకేతాలున్నాయి. కాబట్టి ఆ మాటకు పద్దెనిమిది బైట్లు చాలు. వేయి వ్యాఖ్యలైనా నేటి కాలపు ఒక్క ఛాయాచిత్రం ఆక్రమించే స్థలానికి మించవు. స్థలాభావమనే సాకుతో మాతృభాషను రోమన్ లిపిలో రాయవలసిన అవసరం లేదు.

ప్రతులే ప్రాణరక్ష

తాళపత్రాన్ని చెదలు, తేమ, అగ్ని హరించేవి. ఒకే ప్రతిగా మిగిలిన గ్రంథం దానితోనే నశించింది. ఊరూరా ప్రతులున్న గ్రంథం నిలిచింది. సి.పి. బ్రౌను కడపలో పండితులను నియమించి, పలు ప్రతులను సేకరింపజేసి, పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించడం వల్లనే ఎన్నో తెలుగు కావ్యాలు మనకు దక్కాయి. సర్వరులోని డిస్కు కూడా తాళపత్రం వంటిదే, ఎప్పటికైనా చెడుతుంది. వ్యాఖ్యలన్నీ ఒకే ఫైలులో ఉండడం సౌకర్యమే గాని, ఆ ఒక్కటి పోతే సర్వం పోతుంది. సేవ నడుస్తున్నప్పుడు ఆ ఫైలును మామూలుగా నకలు తీస్తే, సగం రాసిన స్థితిలో చిక్కే ప్రమాదముంది. ఎస్‌క్యూలైట్‌లోనే ఉన్న ‘బ్యాకప్’ ఆదేశంతో ప్రతి తీయాలి. ఆ ప్రతిని వేరొక యంత్రానికి పంపాలి. అప్పుడప్పుడు దాన్ని తెరచి, వ్యాఖ్యలు సరిగా ఉన్నాయో లేదో సరిచూడాలి. తెరచి చూడని ప్రతి ఉన్నా లేనట్లే.

యజమాని ధర్మం

సొంత ఇంటికి పైకప్పు కారితే బాగుచేయించే బాధ్యత కూడా యజమానిదే. లినక్స్‌ను, ఇస్సోను ఎప్పటికప్పుడు తాజాపరచాలి. నిర్వాహకుడైన విద్యార్థి చదువు ముగించి వెళ్ళేటప్పుడు తాళంచెవులను, చేసిన పనుల వివరాలను తరువాతివారికి అప్పగించాలి. ఎన్నో మంచి ప్రయత్నాలు సాంకేతిక లోపంతో గాక, ఈ అప్పగింత జరగక ఆగిపోతాయి.

అంతకంటే గురుతరమైన బాధ్యత మరొకటి ఉంది. కళాశాల పత్రికకు వ్యాఖ్యలు రాసేవారిలో పలువురు పద్దెనిమిదేళ్ళు నిండనివారు. 2023లో భారత పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అటువంటివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల సమ్మతిని నిర్దేశించింది. అవసరం లేని సమాచారాన్ని అడగకపోవడమే అన్నింటికంటే ఉత్తమమైన రక్షణ. తాను ఆవేశంలో రాసిన మాటను తొలగించమని పాఠకుడు కోరితే ఆ కోరికను మన్నించాలి. పరుల సంస్థ పాఠకుని సమాచారాన్ని దుర్వినియోగం చేస్తుందన్న భయంతో సొంత వ్యవస్థను కట్టుకొన్నవారు, తామూ అదే పని చేస్తే కట్టుకొన్న ప్రయోజనం శూన్యం.

వ్యాఖ్యావ్యవస్థను స్థాపించడానికి ఒక పూట చాలవచ్చు. దాన్ని నిలబెట్టడానికి నిత్యశ్రద్ధ కావాలి. లేఖకులు తాము రాసిన తాళపత్ర గ్రంథాల చివర వాటిని జాగ్రత్తగా కాపాడవలసిందని పాఠకులను వేడుకొనేవారు. పత్రం పోయి తెర వచ్చినా ఆ వేడికోలు మాత్రం పాతబడలేదు. ఒక పాఠకుడు నమ్మి అప్పగించిన మాటను పదిలంగా దాచడం, తప్పును తుడిచివేయడం, ఒప్పును నలుగురికీ చూపడం నాటి లేఖకుని ధర్మం. నేడు లినక్స్ యంత్రం ముందు కూర్చున్న విద్యార్థి ధర్మం కూడా అదే.

ప్రశ్నలు

1. వ్యాఖ్యలను పరుల సేవలో ఉంచడం వల్ల కలిగే ప్రమాదాలను సోదాహరణంగా వివరించండి.
2. ఇస్సోకు ప్రత్యేక వినియోగదారుని, ప్రత్యేక ఆవరణాన్ని ఎందుకు ఏర్పాటు చేయాలి?
3. ప్రక్షిప్తానికి, స్పామ్‌కు గల పోలికను తెలపండి. నచ్చని విమర్శను తొలగించడం ఎందుకు అధర్మమో చర్చించండి.
4. ‘తెరచి చూడని ప్రతి ఉన్నా లేనట్లే’ — ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.